ఎన్ని స్లాబులు పడ్డాయని కాదు అడగాల్సింది

పెద్ద ఆసుపత్రి కడుతున్నారంటే పేపర్లో వచ్చే వార్త ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. ఇన్ని కోట్లు, ఇన్ని అంతస్తులు, ఇన్ని పడకలు, పనులు ఇంత శాతం పూర్తి, ఫలానా నెలలో ప్రారంభం. పక్కన హెల్మెట్లు పెట్టుకుని పైకి చూస్తున్న పెద్దమనుషుల ఫొటో. చదివినవాళ్ళకు డెబ్బై శాతం అయిపోయింది కదా, ఇంకెన్నాళ్ళులే అనిపిస్తుంది. ఆ డెబ్బై శాతం దేన్ని కొలిస్తే వచ్చిందో మాత్రం వార్తలో ఉండదు. చాలాసార్లు అది ఖర్చయిన డబ్బు, లేదా పోసిన కాంక్రీటు.

నేను చెన్నైలో ఆసుపత్రి భవనాల్లో గ్యాస్ లైన్లు, ఏసీ డక్టులు, కరెంటు, నీళ్ళ పైపులు చూసుకునే ఇంజనీరుని. ఈ పనులన్నిటినీ కలిపి మా వాళ్ళు ఎంఈపీ అంటారు. సొంతూరు నెల్లూరు జిల్లా. ఇప్పుడు నగర శివార్లలో ఒక ట్రస్టు కడుతున్న పెద్ద ఆసుపత్రి సైటులో పనిచేస్తున్నాను. ఊరి నుంచి ఎవరు ఫోన్ చేసినా "ఎందాకా వచ్చింది?" అని అడుగుతారు. మా వైపు వాళ్ళు ఊసుపోక అడిగే మాట కాదు ఇది. నెల్లూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, శ్రీకాళహస్తి, పుత్తూరు, చిత్తూరు, ఈ ఊళ్ళలో ఎవరికైనా జబ్బు ముదిరితే "మద్రాసు తీసుకుపోండి" అనే మాట ఇప్పటికీ వినపడుతుంది. సెంట్రల్ స్టేషన్లో రైలు దిగి రోడ్డు దాటితే పెద్దాసుపత్రి. 1664లో సెయింట్ జార్జి కోటలో మొదలై, 1772 నుంచి ఇప్పుడున్న చోటే నడుస్తోంది. చిత్తూరు జిల్లా అరగొండ నుంచి వచ్చిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి 1983లో గ్రీమ్స్ రోడ్డులో అపోలో మొదలుపెట్టారు. ఆ చుట్టుపక్కల లాడ్జీల్లో, మెస్సుల్లో తెలుగు మాట వినపడని పూట ఉండదు. అందుకే చెన్నైలో కొత్త ఆసుపత్రి లేస్తోందంటే అది మన వాళ్ళ సంగతి కూడా.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఒకటే. ఆసుపత్రి ఎంతవరకు వచ్చిందో స్లాబుల లెక్కలో చెప్పడం మానేయాలి. లోపలి లైన్లు, కరెంటు, మంటల రక్షణ పరీక్షల్లో నెగ్గాకే ప్రారంభం తేదీ ప్రకటించాలి. ఈ క్రమం తిరగబడితే రోగుల ప్రాణాల మీదికి వస్తుంది. వచ్చింది కూడా.

ముందు కాంక్రీటు సంగతి చూద్దాం. ఈ దేశంలో మనకు బాగా చేతనైన పని అది. పునాది అయిపోయి, సెంట్రింగ్ సామాను, మనుషులు సరిపడా ఉంటే రెండు మూడు వారాలకో స్లాబు పడిపోతుంది. దూరం నుంచి కనపడుతుంది, ఫొటోకి అందుతుంది. గిండీలో 1899 నాటి కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో కట్టిన కలైంజర్ శతాబ్ది సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రినే తీసుకోండి. 2022 మార్చిలో శంకుస్థాపన జరిగింది, 2023 జూన్ 15న ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రారంభించారు. 1000 పడకలు, 230 కోట్ల రూపాయలు, దాదాపు 15 నెలలు. ప్రభుత్వం గట్టిగా పూనుకుంటే ఎంత వేగంగా కట్టగలదో చూపించిన పని అది, మెచ్చుకోవాల్సిందే. మరోపక్క మదురై ఎయిమ్స్ ఉంది. 2019 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. 2021 ఎన్నికల నాటికి అక్కడ భవనమే లేదు. ఉదయనిధి స్టాలిన్ ఒక ఇటుక చేత్తో పట్టుకుని ఊరూరా తిరిగి "ఇదిగో ఎయిమ్స్" అన్నారు. ఆ ఇటుక తమిళనాడంతా తెలిసిపోయింది. ఇటు వేగాన్నీ అటు ఆలస్యాన్నీ కూడా మనం ఇటుకల్లోనే కొలుస్తున్నాం.

ఇటుకలన్నీ పేర్చేసినా ఆసుపత్రి తయారవ్వదు అనడానికి చెన్నై నడిబొడ్డునే సాక్ష్యం ఉంది. అణ్ణా సాలైలో ఓమందూరార్ ఎస్టేట్ భవనం. దాన్ని కొత్త అసెంబ్లీ, సెక్రటేరియట్ కోసం కట్టి 2010 మార్చిలో ప్రారంభించారు. మరుసటి ఏడాది ప్రభుత్వం మారింది. జయలలిత అసెంబ్లీని మళ్ళీ కోటకు తీసుకెళ్ళి, ఆ భవనాన్ని మల్టీ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి చేస్తామని 2011 ఆగస్టులో ప్రకటించారు. గోడలు, స్లాబులు, లిఫ్టులు అన్నీ అప్పటికే ఉన్నాయి. అయినా ఆసుపత్రి తెరిచింది 2014 ఫిబ్రవరిలో. మధ్యలో కోర్టు కేసులు నడిచాయి, అదీ ఒక కారణమే. కానీ ఆఫీసు గదిని ఆపరేషన్ థియేటర్ చెయ్యాలంటే ఏం కావాలో మా పని తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. ఫైళ్ళు పెట్టుకునే గదికి కిటికీ, ఫ్యాను, ఒక ఏసీ చాలు. ఆపరేషన్ థియేటర్లో గంటకు కనీసం 20 సార్లు గాలి మారాలి, అందులో కనీసం నాలుగు సార్లు వచ్చేది బయటి కొత్త గాలి కావాలి. ఆ గాలి హెపా ఫిల్టర్లోంచి రావాలి, అంటే 0.3 మైక్రాన్ల దుమ్ము కణాల్లో 99.97 శాతం అక్కడే ఆగిపోవాలి. తలుపు తీసినప్పుడు గాలి లోపలి నుంచి బయటికి తోయాలి తప్ప కారిడార్ గాలి లోపలికి రాకూడదు. అంటువ్యాధి రోగిని పెట్టే గదిలో దీనికి సరిగ్గా తలకిందులు, అక్కడి గాలి బయటికి రాకూడదు. పక్కపక్కన ఉండే రెండు గదులకు ఇలా వేరువేరు లెక్కలుంటాయి. వీటికి కావలసిన డక్టులన్నీ ఫాల్స్ సీలింగ్ పైన ఉంటాయి. పైన ఎత్తు చాలకపోతే తర్వాత చేయగలిగేది ఏమీ లేదు.

అన్నిటికంటే ఎక్కువ చెప్పాల్సింది మెడికల్ గ్యాస్ గురించి, ఎందుకంటే బయటివాళ్ళకు ఇది అసలు కనపడదు. రోగి తల వెనక ప్యానెల్లో మాస్కు తగిలించే రంధ్రాలు చూసి ఉంటారు. ఒకటి ఆక్సిజన్, ఒకటి గాలి, ఒకటి వ్యాక్యూమ్. థియేటర్లోనైతే మత్తుకిచ్చే నైట్రస్ ఆక్సైడ్ కూడా ఉంటుంది. ఈ రంధ్రాల వెనక నుంచి రాగి గొట్టాలు గోడల్లోంచి, షాఫ్టుల్లోంచి దిగుతాయి. వాటిలో ఆక్సిజన్‌ది బయట ఆవరణలో ఉన్న లిక్విడ్ ఆక్సిజన్ ట్యాంకు దాకా వెళ్తుంది. ట్యాంకులో ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉంటుంది. ఒక్క లీటరు ద్రవం వాయువుగా మారితే సుమారు 860 లీటర్లవుతుంది. అది నాలుగు బార్ల ప్రెషర్‌తో ప్రతి పడక దగ్గరికీ చేరాలి. నడుమ వందల అతుకులుంటాయి.

ఆ అతుకు ఎలా వేస్తారో చెప్తాను. గొట్టం ఫ్యాక్టరీ నుంచి జిడ్డు కడిగి, రెండు చివరలా మూతలు పెట్టి వస్తుంది. మా దగ్గర ఈ పని చేసే కుర్రాడిది టెక్కలి దగ్గర పల్లె. గొట్టం కోసేదాకా మూత తీయడు, తీశాక ఉత్త చేత్తో లోపల ముట్టుకోడు. ఆక్సిజన్ వెళ్ళే చోట నూనె మరక ఉంటే నిప్పుకు దారి ఇచ్చినట్టే. రెండు గొట్టాలు జతచేసి, ఒక చివర నుంచి నైట్రోజన్ సన్నగా వదులుతాడు. అది లోపల పారుతుండగానే బయట మంట పెట్టి వెండి కలిసిన కడ్డీతో అతుకు వేస్తాడు. నైట్రోజన్ లేకుండా వేడిచేస్తే రాగి లోపలి గోడ మసిబారి పొలుసు కడుతుంది. ఆ పొలుసు తర్వాత ఎప్పుడో రాలి వాల్వులో అడ్డుపడవచ్చు, వెంటిలేటర్ దాకా పోవచ్చు. బయటికి చూస్తే రెండు అతుకులూ ఒకేలా మెరుస్తాయి. అందుకని మధ్యమధ్యలో నచ్చిన అతుకు ఒకటి కోసి, నిలువునా చీల్చి చూస్తాం. లోపల ఎర్రగా మెరిస్తే సరే, నల్లగా ఉంటే ఆ వరసంతా మళ్ళీ. ఒకసారి బాగా వచ్చిన అతుకు కోయించాను. ఆ అబ్బాయి చీల్చిన ముక్కలు రెండూ అరచేతిలో పెట్టి చూపించి, "ఎన్ని కోస్తారో కోయండి సార్, నా అతుకులో మసి ఉండదు" అన్నాడు. ఆ ధీమా ఖరీదు ఏ బిల్లులోనూ ఉండదు.

అతుకులయ్యాక లైను మొత్తానికి ప్రెషర్ పెట్టి ఇరవై నాలుగు గంటలు వదిలేస్తాం, ప్రెషర్ మీటరు ముల్లు కిందికి జారకూడదు. ఆ తర్వాతది అసలైన పరీక్ష, దీన్ని క్రాస్ కనెక్షన్ పరీక్ష అంటారు. ఒక్క వాయువు లైనుకే ప్రెషర్ ఇచ్చి, మిగతావన్నీ ఖాళీ చేసి, ప్రతి పడక దగ్గరా ప్రతి రంధ్రం తెరిచి చూడాలి. ఆక్సిజన్ లైను ఎక్కించినప్పుడు ఆక్సిజన్ రంధ్రంలోంచే రావాలి, ఇంక దేనిలోంచీ రాకూడదు. అది దించి ఇంకోటి ఎక్కించాలి. మళ్ళీ మొదటి పడక నుంచి. చివర్లో అనలైజర్ పెట్టి వచ్చే వాయువు ఏమిటో, ఎంత స్వచ్ఛంగా ఉందో కొలవాలి. ఒక అంతస్తుకు ఇదంతా విసుగొచ్చేంత పని. వాకీటాకీలో ఒకడు కింద వాల్వు దగ్గర, ఒకడు పైన పడక దగ్గర. చూసేవాళ్ళకు ఇద్దరు మనుషులు ఖాళీ వార్డులో తిరుగుతున్నట్టే ఉంటుంది. ఫొటో తీసి పేపర్లో వేసుకోవడానికి ఏమీ ఉండదు.

ఈ పరీక్ష జరక్కపోతే ఏమవుతుంది? 2016 మే నెలలో ఇండోర్‌లో ప్రభుత్వ పెద్దాసుపత్రిలో కొత్త ఆపరేషన్ థియేటర్ తెరిచారు. తెరిచిన కొద్ది రోజులకే ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఆక్సిజన్ రావలసిన లైనులో నైట్రస్ ఆక్సైడ్ వచ్చింది. రెండూ రాగి గొట్టాలే, పక్కపక్కనే పోతాయి. సిలిండర్లకైతే రంగులుంటాయి, ఆక్సిజన్‌ది నల్లటి ఒంటికి తెల్లటి భుజం, నైట్రస్‌ది నీలం. గోడలోపల గొట్టానికి రంగు ఎవరు చూస్తారు? డాక్టర్ సరైన రంధ్రానికే గొట్టం పెట్టాడు, తప్పు గోడ వెనక జరిగింది. పడకపడకకూ తిరిగి రంధ్రాలు తెరిచి చూసే ఆ విసుగు పని ఇలాంటి తప్పును పట్టుకోవడానికే ఉంది. ఆ వార్త చదివిన రోజు నుంచి ఏ సైటులోనూ ఈ పరీక్షను ఒక్క పడకకు కూడా వదలనివ్వలేదు, వదలనివ్వను.

తేదీ ముందే ప్రకటిస్తే ఈ పనికి ఎలా గండి పడుతుందో లోపల ఉన్నవాళ్ళకు తెలుసు. ప్రారంభానికి పెద్దవాళ్ళు వస్తారు. వాళ్ళు చూసేది గ్రానైటు, పెయింటు, లైట్లు, ఫాల్స్ సీలింగ్. అందుకని చివరి నెలల్లో మనుషులనూ డబ్బునూ అటే మళ్ళిస్తారు. సీలింగ్ వాళ్ళ మేస్త్రీ వచ్చి "సార్, ఎల్లుండి విజిటింగ్ ఉంది, ఈ కారిడార్ మూసేయాలి" అంటాడు. పైన నా లైను ఇంకా పరీక్షలో ఉంటుంది. మూసేశాక లీకు దొరికితే మళ్ళీ పలకలు ఊడదీయాలి, దానికి డబ్బులెవరిస్తారని గొడవ. ఈ గొడవ ఎందుకని లీకు లేదని రాసేసుకునే మనుషులు కూడా ఉంటారు. ఇలాంటి చోట నిలబడి "మూయడానికి వీల్లేదు" అనగలిగే హక్కు సైటు ఇంజనీరుకు కాగితం మీద ఉండాలి. నోటి మాటగా ఉంటే ప్రారంభం ముందు రోజు రాత్రి అది నిలబడదు.

తేదీ తొందర కట్టే మనుషుల మీద కూడా పడుతుంది. 2014 జూన్ 28 సాయంత్రం, వర్షంలో, చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతూ ఉన్న 11 అంతస్తుల భవనం కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్ళు. అది ఆసుపత్రి కాదు, అపార్ట్‌మెంటు. కూలడానికి తేదీ తొందరే కారణమని నేననడం లేదు. కానీ చెన్నైలో ఏ పెద్ద సైటుకు వెళ్ళినా రాడ్ బెండింగ్ దగ్గరో సెంట్రింగ్ దగ్గరో ఉత్తరాంధ్ర యాస వినపడుతుంది, మౌలివాక్కం పేరు ఎత్తగానే మాటలు ఆగిపోతాయి. మా సైటులో రాత్రి షిఫ్టు స్లాబు పని వద్దని పట్టుబట్టిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఆయన బావమరిది ఆ భవనంలో పోయాడు.

కరెంటు విషయానికి వస్తే చెన్నైకి ఒక ప్రత్యేకమైన పాఠం ఉంది. 2015 డిసెంబరు వరదల్లో అడయారు నది పొంగి, ఒడ్డున ఉన్న ఒక పెద్ద ఆసుపత్రిలోకి, జనరేటర్లున్న చోటికి నీళ్ళొచ్చాయి. ఐసీయూలో ఉన్న రోగులు కొందరు చనిపోయారు. కరెంటు లేకపోవడమే కారణమా అన్నదాని మీద బంధువులకూ ఆసుపత్రికీ మధ్య వాదన నడిచింది. ఆ వాదన ఎటు తేలినా, ఈ ఊళ్ళో జనరేటర్‌నీ ప్యానెల్ బోర్డులనీ బేస్‌మెంటులో పెట్టకూడదని మాత్రం తేలిపోయింది. ఇప్పటికీ డ్రాయింగుల్లో బేస్‌మెంటులో ట్రాన్స్‌ఫార్మర్ గది కనపడితే నాకు టెన్షనే. పైకి మార్చండి అంటే అద్దెకిచ్చే మెడికల్ షాపు జాగా పోతుందని బేరం మొదలవుతుంది.

జనరేటర్ ఉంటే సరిపోదు, అది నిజంగా పనిచేస్తుందో లేదో చూసే పద్ధతి ఒకటే. అన్ని లైట్లు, ఏసీలు, పంపులు, లిఫ్టులు నడుస్తుండగా మెయిన్ ఈబీ స్విచ్, అంటే బయటి నుంచి వచ్చే కరెంటు, కొట్టేయాలి. ముందు చెప్పకుండా కొట్టేస్తే ఇంకా మంచిది. కొన్ని సెకన్లలో జనరేటర్ లోడు అందుకోవాలి, ఆ సెకన్లలో థియేటర్, ఐసీయూ యూపీఎస్ మీద రెప్ప వాల్చకుండా నడవాలి. రోగులు లేనప్పుడే చేయగలిగిన పరీక్ష ఇది. ఒకసారి రోగులు చేరాక ఏ సూపరింటెండెంటూ ఆ స్విచ్ ముట్టుకోనివ్వరు. అప్పుడిక మొదటి పరీక్ష మొదటి పవర్‌కట్టే.

మంటల గురించి ఎంత చెప్పినా తక్కువే. 2011 డిసెంబరులో కోల్‌కతాలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి బేస్‌మెంటులో అంటుకున్న మంట పొగగా పైఅంతస్తులకు ఎక్కి 90 మంది దాకా చనిపోయారు. 2024 నవంబరు 15 రాత్రి ఝాన్సీ మెడికల్ కాలేజీలో అప్పుడే పుట్టిన పసిపిల్లల ఐసీయూలో మంటలు లేచాయి, ఆ రాత్రే పదిమంది పసిగుడ్డులు పోయారు. ఆసుపత్రిలో మంట రేగితే పరుగెత్తమని చెప్పడానికి అక్కడున్నది పరుగెత్తగలిగే మనుషులు కాదు. అందుకే పడకలతో సహా పక్క విభాగంలోకి తోసుకుపోగలిగేలా ఒక్కో అంతస్తును మంట దాటలేని గోడలతో ముక్కలు చేస్తారు. ఆ గోడలకు మేమే చిల్లులు పెడతాం, పైపుల కోసం, కేబుళ్ళ కోసం. ప్రతి చిల్లు చుట్టూ మంటను ఆపే మసాలా నింపి మూయాలి. అది సీలింగ్ పైన ఉంటుంది కాబట్టి మూయకపోయినా ఎవరికీ కనపడదు. మూయని చిల్లు ఒక్కటి చాలు పొగ దాటడానికి. నేను వార్డు తలుపు కంటే ముందు ఈ చిల్లులు చూస్తాను.

ఇవన్నీ సక్రమంగా ఉండి, నడిపే ఏర్పాటు, మనుషులు లేకపోతే? 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి 11 మంది చనిపోయారని ప్రభుత్వమే చెప్పింది. తమిళనాడు నుంచి రావలసిన ట్యాంకర్ ఆలస్యమైంది. లైను ఉంది, ట్యాంకు ఉంది, ట్యాంకు నిండే ఏర్పాటు ఆ రాత్రి తప్పింది. ఏ ఆసుపత్రికైనా లిక్విడ్ ట్యాంకు తర్వాత రెండో వరసగా సిలిండర్ల మేనిఫోల్డ్, అంటే ఒకే లైనుకు కలిపిన సిలిండర్ల గుంపు, ఉండాలి, ముల్లు ఎక్కడికి పడితే అలారం మోగాలో, మోగితే ఎవరు పరుగెత్తాలో ముందే తెలిసి ఉండాలి. ప్రతి వార్డు బయట గోడకు అద్దం పెట్టెలో జోనల్ వాల్వు ఉంటుంది. మంట రేగితే ఆ వార్డుకు ఆక్సిజన్ ఆపాల్సింది అదే. రాత్రి రెండింటికి దాన్ని తిప్పాల్సింది డ్యూటీలో ఉన్న నర్సు. భవనం తెరిచిన వారానికి చేరిన నర్సుకు ఆ పెట్టె ఫైర్ అలారమనిపించవచ్చు, కరెంటు బోర్డనిపించవచ్చు. అందుకే నర్సులు, టెక్నీషియన్లు రోగుల కంటే కనీసం కొన్ని వారాల ముందు భవనంలోకి రావాలి, ఖాళీ పడకలు తోసి చూడాలి, లిఫ్టులో స్ట్రెచర్ తిరుగుతుందో లేదో చూడాలి. కానీ జీతాలు దండగని అంత ముందుగా వాళ్ళను తీసుకోరు. అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో 12 పడకలతో మొదలైంది. భవనం చిన్నది, ఆసుపత్రి పెద్దది, ఎందుకంటే ఏం చేస్తున్నారో తెలిసిన మనుషులు మొదటి రోజు నుంచీ లోపల ఉన్నారు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. "మీరు పరీక్షలంటూ మూడు నెలలు జరుపుతారు, ఆ మూడు నెలలు రోగులు ఎక్కడికి పోవాలి? పాత ఆసుపత్రిలో వరండాలో నేల మీద పడుకున్నవాళ్ళకు మీ హెపా ఫిల్టరు ఎందుకు?" ఈ మాట నాతో అన్నది ఒక ప్రభుత్వ డాక్టర్, మా దూరపు బంధువు. ఆయన రోజూ చూసేది ఆయన చెప్పారు, కొట్టిపారేయలేను. పడక లేక పోయే ప్రాణం కూడా ప్రాణమే. లెక్కల్లో చూస్తే అలా పోయేవాళ్ళే ఎక్కువేమో కూడా.

కానీ భవనమంతా ఒకేరోజు తెరవాలని ఎవరన్నారు? ఓపీకి నైట్రస్ లైను అక్కర్లేదు. డాక్టరు గది, ల్యాబు, మందుల కౌంటరు, ఎక్స్‌రే, వీటికి కావలసిన పరీక్షలు వేరు, త్వరగా అయిపోతాయి. మన మంగళగిరి ఎయిమ్స్‌లో ఓపీ 2019 మార్చిలోనే మొదలైంది. మొత్తం సంస్థను ప్రధాని జాతికి అంకితం చేసింది 2024 ఫిబ్రవరిలో. నడుమ ఐదేళ్ళు ఎక్కువే, పనుల ఆలస్యాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. అయినా రోగి ఓపీ చీటీ రాయించుకోవడానికి అంకితోత్సవం దాకా ఆగనక్కర్లేకపోయింది. అంతస్తు అంతస్తుగా, పరీక్ష నెగ్గినదాన్ని నెగ్గినట్టు తెరుస్తూ పోవచ్చు. వార్డులు, తర్వాత డయాలసిస్, తర్వాత ఐసీయూ, చివరికి థియేటర్లు. ఆ డాక్టరు గారి వరండా రోగుల్లో ఎక్కువమందికి కావలసింది మంచి వార్డు పడక, అది ముందే ఇవ్వొచ్చు. రిబ్బన్ కత్తిరించే రోజు ఒకటి కావాలంటే మాత్రం ఇది కుదరదు, ఎందుకంటే ఈ పద్ధతిలో అలాంటి రోజు ఒక్కటి ఉండదు.

ఇంకో మాట కూడా వింటుంటాను, "తేదీ పెట్టకపోతే ఈ దేశంలో ఏ పనీ కాదు" అని. నిజమే, తేదీ పెట్టండి. పరీక్ష తేదీ పెట్టండి. ఆరో అంతస్తు ఆక్సిజన్ లైను ప్రెషర్ పరీక్ష ఫలానా రోజు, ఈబీ కట్ పరీక్ష ఫలానా రోజు, ఫైర్ డిపార్ట్‌మెంట్ తనిఖీ ఫలానా రోజు. అవి తప్పితే కాంట్రాక్టరును నిలదీయండి, ఫైన్ వేయండి. మా మీద ఒత్తిడి ఉండాల్సిందే, లేకపోతే మేమూ సాగదీస్తాం. ఆ ఒత్తిడి సీలింగ్ మూసే వైపు కాకుండా పరీక్ష ముగించే వైపు ఉండాలి, అంతే.

మా సైటులో కొంత వరకు ఇది ఒప్పించగలిగాం. గేటు దగ్గర "పనులు ఇంత శాతం పూర్తి" అని ఉన్న బోర్డు తీసి, అంతస్తుల వారీగా గడులున్న బోర్డు పెట్టారు. గ్యాస్, కరెంటు, గాలి, ఫైర్, నీళ్ళు. పరీక్ష నెగ్గిన గడిలో తేదీ, సంతకం. ట్రస్టు పెద్దాయన మొదట ఒప్పుకోలేదు, ఖాళీ గడులు కనపడితే విరాళాలిచ్చేవాళ్ళు ఏమనుకుంటారని. ఒక దాత వచ్చి ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడి, జనరేటర్ గడి ఎందుకు ఖాళీగా ఉందని అడిగారు. ప్యానెల్ రావడం ఆలస్యమైందని చెప్పాం. ఆ ప్యానెల్ ఖర్చు ఆయనే భరించారు. ఓపీ ముందు తెరవడానికి ఒప్పుకున్నారు. థియేటర్ అంతస్తుకు మాత్రం తేదీ వేయకుండా ఆపడానికి ఇంకా వాదిస్తూనే ఉన్నాం. ఆహ్వాన పత్రిక డిజైన్ అప్పుడే తయారైందట.

మీ ఊళ్ళో ప్రభుత్వ ఆసుపత్రి కడుతుంటే, జిల్లా ఆసుపత్రి కానివ్వండి మెడికల్ కాలేజీ కానివ్వండి, సమాచార హక్కు చట్టం కింద ఒక కాగితం రాయండి. పది రూపాయల ఫీజు, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఎన్ని కోట్లు ఖర్చయ్యాయని అడగొద్దు, అది వాళ్ళే చెప్తారు. మెడికల్ గ్యాస్ లైనుకు క్రాస్ కనెక్షన్ పరీక్ష ఏ తేదీన జరిగింది, ఎవరు సంతకం పెట్టారు, ఆ రిపోర్టు కాపీ కావాలని అడగండి. ఫైర్ ఎన్ఓసీ, అంటే ఫైర్ డిపార్ట్‌మెంట్ అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం, దాని కాపీ అడగండి. పూర్తి లోడు మీద జనరేటర్ పరీక్ష రిపోర్టు అడగండి. జనరేటర్ ఏ అంతస్తులో ఉందో అడగండి. ప్రారంభానికి ముందే అడగండి, అప్పుడైతే సరిచేయడానికి ఇంకా టైముంటుంది.